నిదానమే ప్రధానము: పాతకారులో గాలియంత్రము



మన తెలుగున నిదానమను మాటకు రెండర్థములు కలవు. రోగమునకు మూలకారణమును కనుగొనుటను వైద్యులు నిదానమందురు. మాధవకరుని మాధవనిదానము రోగనిర్ణయమునకే యేర్పడిన గ్రంథము. ఇక కాగుచున్న నూనెమూకుడు దగ్గరకు పరుగెత్తివచ్చు బిడ్డతో మనము "నిదానము" అన్నపుడు తొందరపడవలదని యర్థము. "నిదానమే ప్రధానము" అను సామెతలో ఈ రెండర్థములును ఇమిడియున్నవి. జ్వరమునకు కారణము తెలియకమునుపే మందు మ్రింగించుట యెట్టి యవివేకమో, దోషమెచ్చట నున్నదో తెలియకమునుపే యంత్రభాగములను మార్చుటయు అట్టిదే. ఈ మాసము పాతకార్లలో చల్లగాలిని, వేడిగాలిని ఇచ్చు యంత్రమును గైకొని ఆ సంగతిని వివరింపదలచితిని.

కారు మరమ్మతు పురుషుల పని, మనకేల యని కొందరనుకొనవచ్చును. కాని ఆ గాలిమోటారు చాల కార్లలో ఎక్కడ నుండునో చూడుడు. ముందుసీటున ఎడమప్రక్క కూర్చుండువారి మోకాళ్లకెదురుగా, కాగితములు దాచుకొను అర వెనుకనే యుండును. కారు నడుపువాని చెవికన్న ముందుగా మన చెవికే దాని మూలుగు వినబడును. అచ్చటనుండి నీరు కారినచో మన పాదములే తడియును. కావున ఆ యంత్రమునకు మొదటి సాక్షులము మనమే. సాక్షి తాను చూచినది స్పష్టముగ చెప్పగలిగిననే న్యాయము తేలును.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగా మా పల్నాడుజిల్లా యేర్పడినది. మా యెండలను గూర్చి నేను చెప్పనక్కరలేదు. రెంటచింతలపేరు వేసవివార్తలలో వినని తెలుగువారుండరు. అచ్చట 45 డిగ్రీలు దాటుట క్రొత్తసంగతి కాదు. మాచెర్లనుండియో గురజాలనుండియో వృద్ధులను, బాలింతలను పెద్దవైద్యమునకు నరసరావుపేటకును గుంటూరునకును కొనిపోవు కుటుంబములకు కారులో చల్లగాలి విలాసము కాదు. క్రొత్తకారు కొనగల స్తోమత అందరికి లేదు. ఉన్న పాతకారునే బాగుచేయించుకొని వాడుకొనువారికి ఈ విషయమున కొంత తెలివిడి యుండుట మేలు.

ఈ విద్యలో స్త్రీలకు పాలు లేదనుకొనవలదు. అమెరికాలోని చికాగో నగరమందు మార్గరెట్ విల్కాక్స్ అను నామె బండ్లలో కూర్చున్నవారికి వేడినిచ్చు యంత్రమునకు 1893లోనే పేటెంటు పొందినది. కారులో చల్లగాలి అటుపిమ్మట చాలకాలమునకు వచ్చినది. పాకార్డు కంపెనీవారు 1939లో దానిని ప్రదర్శించిరి.

ఇక యంత్రము పనిచేయు తీరు చెప్పెదను. ఇంజను కాగిపోకుండ దానిచుట్టు ఒక ద్రవము తిరుగుచుండును. దానిని కూలెంటందురు. ఇంజను వేడిని మోసికొని ఆ ద్రవము డాష్‌బోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరులోనికి వచ్చును. అదియే హీటరు. ఏసీగ్యాసు ప్రవహించు చల్లని గొట్టముల చట్రము మరియొకటి దాని సమీపముననే యుండును. దానిని మేస్త్రీలు కూలింగ్ కాయిల్ అందురు. ఈ రెంటిమీదుగ గాలిని తోలు మోటారు మాత్రము ఒక్కటే. దాని పేరు బ్లోవరు. మన యింట ఒకే విసనకర్రతో పొయ్యి రాజవేయుదుము, పసిబిడ్డకు విసరుదుము. విసనకర్ర విరిగినచో రెండుపనులును ఆగును. విసనకర్ర బాగుగనే యుండి నిప్పు లేకున్నచో అది వేరు సంగతి. కావున "ఏసీ పనిచేయుటలేదు" అని మేస్త్రితో ఒక్కమాట చెప్పి యూరకుండరాదు. లోపించినది గాలియా, చల్లదనమా? మొదట ఈ ప్రశ్నకు ఉత్తరము తెలిసికొనవలెను.

గాలియే లోపించినదనుకొందము. అపుడు బ్లోవరు మీటను ఒకటవ నంబరునుండి చివరినంబరువరకు త్రిప్పి చూడుడు. ఏ నంబరునందును గాలి లేకున్నచో ముందుగ ఫ్యూజును చూడవలెను. ఫ్యూజు మితిమీరిన విద్యుత్తు వచ్చినపుడు తాను కాలిపోయి తక్కిన తీగలను రక్షించు చిన్న తునక. చాల కార్లలో వాడు రేకుఫ్యూజులకు రంగులు నిర్ణయింపబడియున్నవి: 10 ఆంపియర్లకు ఎరుపు, 15కు నీలము, 20కి పసుపు, 30కి ఆకుపచ్చ. కాలిన ఫ్యూజు స్థానమున అదే నంబరుది వేయవలెను. పెద్దనంబరుది వేయుట, సిగరెట్టుపెట్టెలోని వెండికాగితము చుట్టుట, రాగితీగ బిగించుట ప్రాణాపాయకరములు. ఫ్యూజు కాలకపోయినచో తీగ కాలును, తీగనుండి కారంతయు అంటుకొనవచ్చును. సరియైన ఫ్యూజు వేసినను మరల కాలినచో లోపల ఎచ్చటనో తీగ ఒరిసికొనుటయో, మోటారు బిగిసికొనుటయో జరిగినదని గ్రహింపవలెను.

ఫ్యూజు బాగున్నను గాలి రాకున్నచో మేస్త్రిచేత ఒక సులభమైన పరీక్ష చేయింపవచ్చును. మోటారునకు విద్యుత్తు తెచ్చు రెండుతీగల కొనలకు నడుమ 12 వోల్టుల చిన్నదీపమును పెట్టి, మీటను చివరినంబరునకు త్రిప్పవలెను. దీపము వెలిగియు మోటారు తిరుగకున్నచో దోషము మోటారుదే. దీపమే వెలుగనిచో మోటారు నిర్దోషి కావచ్చును. అపుడు మీటను, రిలేను, ఇనుపచట్రమునకు బిగించిన ఎర్తుతీగను వెదకవలెను. ఎలుకలు తీగలను కొరకుటయు కలదు. మోటారుపై చేతితో మెల్లగ తట్టినపుడు తిరుగనారంభించి, కొంతసేపటికి మరల నిలిచిపోయినచో దాని లోపలి కార్బనుబ్రష్షులు అరిగినవని తలపవచ్చును.

కొన్ని కార్లలో ఒకటవ, రెండవ, మూడవ నంబరులందు గాలి రాదు. చివరినంబరున మాత్రము పెనుగాలి వచ్చును. సోదరీమణులు ఈ లక్షణమును మరువక జ్ఞప్తియందుంచుకొనవలెను. చిన్ననంబరులందు వేగమును తగ్గించుటకు రెసిస్టరు అను తీగచుట్టల తునక ఉండును. విద్యుత్తు దానిగుండ పోయి నీరసించి మోటారును చేరును. చివరినంబరున ఆ తునక ప్రమేయము లేదు, విద్యుత్తు నేరుగ మోటారునకు పోవును. కావున చివరినంబరున చక్కగ తిరుగు మోటారు చెడిపోయినదనుట పొసగదు. కాలినది సాధారణముగ రెసిస్టరే. అది చిన్న వస్తువు, మోటారుతో పోల్చిన వెల చాల తక్కువ.

మా యింటి యనుభవమొకటి ఇచ్చట చెప్పెదను. మా అత్తగారికి ఉబ్బసవ్యాధి. నెలకొకసారి ఆమెను పట్టణమునకు వైద్యునికడకు తీసికొనిపోవలెను. కడచిన వేసవిలో మా పాతకారున ఇదే లక్షణము కనబడినది. ఒక మరమ్మతుశాలవారు చూచి మోటారు కాలినదనియు, యంత్రమంతయు మార్చవలెననియు చెప్పిరి. వారడిగిన సొమ్ము ఉపాధ్యాయుని జీతములో మంచిభాగము. మా వారు ఆలోచనలో పడిరి. నేను మేస్త్రితో, "నాయనా, నాలుగవ నంబరున ఇంత గాలి తోలుచున్న మోటారు కాలినదెట్లు?" అని యడిగితిని. అతడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట అర విప్పి రెసిస్టరును బయటకు తీసెను. దాని తీగచుట్ట ఒకటి తెగి నల్లబడియున్నది. "అమ్మగారూ, ఇదే పోయింది. కొత్తది వేస్తాను," అనెను.

వ్యవహారము అంతటితో ముగియలేదు. "అది ఏల కాలినది?" అని మరల అడిగితిని. ఈ రెండవప్రశ్న మొదటిదానికన్న ముఖ్యమైనది. రెసిస్టరును బ్లోవరుగాలి తగులుచోటనే అమర్చుట వాడుక. పనిచేయునపుడు తీగచుట్టలు ఎర్రగ కాగును, ఆ గాలియే వానిని చల్లార్చుచుండును. గాలిమార్గము మూసుకొన్నను, ముసలిమోటారు బరువుగ తిరుగుచు ఎక్కువ విద్యుత్తును లాగుచున్నను రెసిస్టరు కాగి కాలిపోవును. కారణమును విడిచి తునకను మాత్రము మార్చినచో క్రొత్తదియు కాలును. మేస్త్రి గాలివడపోతను తీసి చూపెను. ప్రత్తిపీచు, మిరపకళ్లములలోని ధూళి, వేపపువ్వు కలిసి అది గోనెపట్టవలె గట్టిపడియున్నది. వడపోతను, రెసిస్టరును మార్చినపిమ్మట ఒకటవ నంబరునుండి నాలుగవ నంబరువరకు గాలి వరుసగా వచ్చినది. అయిన వ్యయము ముందు చెప్పిన మొత్తములో చిన్న అంశము. మిగిలిన సొమ్ముతో అత్తగారికి మూడునెలల మందులు వచ్చినవి.

అన్ని నంబరులందును మోటారు చప్పుడు బాగుగ వినబడుచు గాలి మాత్రము మందముగ వచ్చినచో, ఆ గాలివడపోతను మొదట అనుమానింపవలెను. ముందద్దము క్రిందనుండు జాలిగుండ బయటిగాలి లోపలికి వచ్చును. పాతకార్లు అనేకములందు వడపోతయే యుండదు. అట్టివానిలో ఆకు, అలము నేరుగ పంఖాలోనికి దిగి, కూలింగ్ కాయిల్‌కు మెత్తవలె అంటుకొనును. వేపచెట్టు నీడ మంచిదే గాని, దానిక్రింద కారు నిలుపువారు వారమునకొకసారి ఆ జాలిని శుభ్రపరుపవలెను. పంఖా తిరుగునపుడు టకటకమను చప్పుడు వచ్చినచో ఆకో పుల్లయో చిక్కినదనియు, కీచుమని మూలిగినచో మోటారు ఇరుసు అరిగినదనియు తలంపవలెను.

గాలి చక్కగ వచ్చుచున్నది, చల్లదనము మాత్రము లేదు. ఇపుడు మోటారు జోలికి పోనక్కరలేదు. మొదట ఉష్ణపుమీటను చూడుడు. అది వేడివైపున నిలిచిపోయినను, దాని తీగ తెగి లోపలి తలుపు కదలకున్నను హీటరువేడి వచ్చి చల్లగాలిలో కలియును. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడన్న సామెత ఇచ్చట వికటించును. కారు పరుగెత్తునపుడు చల్లగ నుండి, రైల్వేగేటు వద్ద నిలిచినపుడు వేడిగాలి వచ్చినచో, ముందుభాగమున కండెన్సరు నెదుట తిరుగవలసిన పంఖా తిరుగుటలేదని అనుమానింపవలెను. మొదట చల్లగ నుండి క్రమముగ గాలి సన్నగిల్లి, ఏసీని కొంతసేపు ఆపినపిమ్మట మరల వచ్చినచో కూలింగ్ కాయిల్‌పై మంచుగడ్డ కట్టుచున్నదని యర్థము.

గ్యాసును గూర్చి ఒకమాట. ఏసీగ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. అది మూసిన గొట్టములలో తిరిగి తిరిగి అదే పని చేయుచుండును. ఏటేట వేసవిలో గ్యాసు నింపింపవలసి వచ్చుచున్నచో ఎచ్చటనో కారిపోవుచున్నదన్నమాట. పగిలిన కుండలో నీరు పోయువానిని మనము నవ్వుదుము గదా! కారుచోటు కనుగొని మూసినపిమ్మటనే నింపింపవలెను. ఏ గ్యాసు, ఎంత తూకము పట్టునో చాల కార్లలో ఇంజనుమూత లోపల అంటించిన చీటిమీద వ్రాసియుందురు. మిక్కిలి పాతకార్లలో వాడిన ఆర్-12 అను గ్యాసు ఆకాశమందలి ఓజోనుపొరకు హాని చేయునని తెలిసి, 1987 నాటి మాంట్రియల్ ఒడంబడికననుసరించి దాని తయారీని ప్రపంచదేశములు మాన్పించినవి. పిమ్మట వచ్చిన కార్లలో ఆర్-134ఏ వాడిరి. ఒకదానికి తగిన యంత్రమున మరియొకటి కలిపి నింపరాదు.

పల్నాటిలో హీటరుతో పని యేమని కొందరు నవ్వవచ్చును. పని కలదు. వానలలోను, మార్గశిరమాసపు తెల్లవారుజామునను ముందద్దముపై ఆవిరి పట్టి దారి కనబడదు. ఏసీగాలి తేమను తీసివేయును, హీటరు అద్దమును వెచ్చబరచును. రెండును కలిసిన అద్దము త్వరగ తేటపడును. అదిగాక శ్రీశైలపు ఘాటువంటి ఎక్కుడు దారిలో ఇంజను కాగిపోవుచున్నట్లు ముల్లు చూపినచో, వెంటనే ఏసీని ఆపి, హీటరును, బ్లోవరును పూర్తిగ పెట్టవలెను. ఇంజనువేడి కొంత లోపలికి వచ్చి మనకు ఉక్క పోసినను, ప్రక్కన నిలుపుటకు తగిన చోటు దొరకువరకు ఇంజను నిలుచును. అటుపిమ్మట బండి ఆపి చల్లారనీయవలెను. వేడిమీద రేడియేటరుమూతను ఎన్నడును తీయరాదు. మరుగునీరు ముఖముపైకి చిమ్మును.

గాలి బాగుగ వచ్చుచు హీటరు వెచ్చబడకున్నచో కూలెంటు తగ్గుటయో, థర్మోస్టాటు అను కవాటము తెరచుకొని నిలిచిపోవుటయో, చిన్నరేడియేటరు పూడిపోవుటయో కారణము కావచ్చును. ఈ పూడికసంగతి మన ప్రాంతమువారికి సులభముగ తెలియును. పిడుగురాళ్ల సున్నమునకును, మాచెర్లసీమ నాపరాళ్లకును ప్రసిద్ధి. అట్టి నేల బోరునీటిని రోజును కాచు గిన్నె అడుగున తెల్లని గార పేరుకొనుట మనమెరిగినదే. అదే నీటిని రేడియేటరులో పోసినచో ఆ సన్నని గొట్టములలోను అదే గార కట్టును. కావున కూలెంటును, దానిలో కలుపుటకు ఖనిజములు లేని శుద్ధజలమును వాడవలెను.

కారులో పాదములకడ తడి కనబడినచో భయపడక పరీక్షింపుడు. ఏసీ నడచునపుడు గాలిలోని తేమ నీరై కారుక్రింద నేలపై చుక్కలుగ పడుట సహజము. ఆ నీరు పోవు గొట్టము మట్టితో మూసుకొన్నచో అది లోపలికి వచ్చి కాళ్లక్రింది తివాచీని తడుపును. అది తేటగ, వాసన లేకయుండును. గొట్టమును శుభ్రపరచినచో చాలును. తడి జిడ్డుగ, రంగుగ నుండి, తియ్యని వాసన వచ్చుచు, అద్దముపై నూనెపొరవంటి ఆవిరి పట్టినచో హీటరుకు చిల్లిపడినదని తెలిసికొనుడు. కూలెంటు సాధారణముగ విషద్రవ్యము. రుచి తియ్యగ నుండుటచే పిల్లలును, కుక్కలును నాకు ప్రమాదము కలదు. దానిని వెంటనే కడిగించి, కారును మరమ్మతునకు పంపవలెను.

రెండు నిషేధములు చెప్పెదను. ఏసీ బాగున్నదను ధైర్యముతో పసిబిడ్డను నిలిపిన కారులో ఒక్కనిమిషమైనను ఒంటరిగ విడువరాదు. ఇంజను ఆగినపిమ్మట ఎండలోనున్న కారులో వేడి పదినిమిషములలోనే సుమారు 10 డిగ్రీలు పెరుగును. అట్లే ఇంజను నడచుచుండ, ఏసీ వేసికొని మూసిన షెడ్డులో నిద్రింపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

కారు మేస్త్రికడకు పోవునపుడు ఒక చీటిపై ఈ నాలుగు సంగతులు వ్రాసి పంపుడు: గాలి ఏయే నంబరులందు వచ్చుచున్నది, చల్లదనము నిలిచినపుడు పోవుచున్నదా, పరుగెత్తునపుడు పోవుచున్నదా, చప్పుడు, వాసన, తడి ఎట్టివి, ఈ లక్షణములు ఎన్నడు మొదలైనవి. మార్చిన పాతభాగమును తిరిగి ఇమ్మని అడుగుడు. అది ఏల చెడినదో మేస్త్రి నోట విని, ఆ మాటను, తేదీని, వ్యయమును చీటివెనుక వ్రాసి కారు అరలోనే దాచుడు. మరల చెడినపుడు క్రొత్తమేస్త్రికి మొదట చూపవలసినది ఆ చీటియే.